మసీదు కమిటీ పెద్దలకు: బడి తెరిచేలోపు మక్తబ్ వేళలు మార్చండి

అస్సలాము అలైకుమ్.

శివాజీనగర్, టానరీ రోడ్, నీలసంద్ర, గోరిపాళ్య, తిలక్ నగర్, హెగ్డే నగర్, కె.ఆర్.పురం... బెంగళూరులో ఏ మూల మసీదైనా సరే, దాని ముతవల్లీకి (నిర్వాహకుడికి), కార్యదర్శికి, ఇమాం సాబ్‌కు, మక్తబ్ (పిల్లలకు ఖురాన్ చదువు చెప్పే మసీదు బడి) ఉస్తాదులకు రాస్తున్న లేఖ ఇది. రాసేది ఈ ఊళ్ళో కాపురాలు చేస్తున్న తెలుగు ముస్లిం ఆడవాళ్ళం. హిందూపురం, కదిరి, మదనపల్లె, రాయచోటి, కర్నూలు, ఆదోని వైపు నుంచి వచ్చినవాళ్ళం. మాలో బడి టీచర్లున్నారు, ఖాయిదా (అరబ్బీ అక్షరాల పుస్తకం) చెప్పే ఆపాలున్నారు, ఇంటిపట్టున ఉండి పిల్లల్ని సాకేవాళ్ళున్నారు.

బడులు తెరిచే రోజులొస్తే బూట్లు, పుస్తకాలు, ఫీజుల మాటే అందరి నోటా. తల్లి రోజు ఎట్లా తలకిందులవుతుందో ఎవరికీ పట్టదు. ఆమెను మూడు గడియారాలు నడిపిస్తాయి: బడి బస్సుది ఒకటి, ఇంటిది ఒకటి, మసీదుది ఒకటి. బస్సువాడు మన మాట వినడు. ఇంటి గడియారాన్ని అత్తమామలు, మరుదులు, నీళ్ళ ట్యాంకరు కలిసి నడుపుతారు. మీ చేతిలో ఉన్నది మసీదు గడియారం ఒక్కటే. అందుకే మేం అడిగేవన్నీ దాని చుట్టూనే ఉంటాయి.

ముందు పండుగ సంగతి. చాంద్రమానం వల్ల బక్రీద్ ఏటా పది నుంచి పన్నెండు రోజులు ముందుకు జరుగుతుంది. 2023లో జూన్ 29, 2024లో జూన్ 17, 2025లో జూన్ 7. కర్ణాటకలో 2025లో బడులు మే 29న తెరిచారు కాబట్టి మధ్యలో కాస్త ఊపిరి దొరికింది. 2026లో నెలవంకను బట్టి పండుగ మే 27 గానీ 28 గానీ, అంటే సరిగ్గా బడి గంట కొట్టే వారమే. కుర్బానీ మూడు రోజుల పండుగ. ఒక మేకపోతు కోస్తే పన్నెండు, పదిహేను కిలోల మాంసం వంటింట్లోకి వచ్చి పడుతుంది. కొట్టి, కడిగి, మూడు భాగాలు చేసి, పంచి, మిగిలింది సర్దేసరికి ఆ ఇంటి ఆడదానికి యూనిఫాం ఇస్త్రీ చేసే ఓపిక కాదు, పుస్తకానికి అట్ట వేసే తెరిపి కూడా ఉండదు. కుర్బానీ మసీదు తరఫున చేయించే చోట కమిటీ ఒక్క పని చేస్తే చాలు: కసాయితోనే ముక్కలు కొట్టించి, అరకిలో లెక్కన పొట్లాలు కట్టించి, మధ్యాహ్నం రెండింటిలోపు ఇళ్ళకు చేర్పించాలి. అరకిలో ఎందుకంటే నలుగురున్న ఇంటికి అది ఒక పూట కూర. ముద్దగా ఐదు కిలోలు ఫ్రీజర్‌లో పెడితే పైన గడ్డకట్టినా నడిమధ్య గంటల తరబడి మెత్తగానే ఉండి చెడిపోతుంది. తర్వాత ఒక కూరకు సరిపడా తీయాలన్నా ముద్దంతా కరిగించాల్సిందే. పొట్లాలను అరచేతి మందాన పరిచి పెడితే ఈ బాధ ఉండదు.

పండుగకు ఊరెళ్ళేవాళ్ళకు కూడా ఇమాం సాబ్ మగ్రిబ్ (పొద్దుగూకాక చదివే నమాజు) తర్వాత కాదు, శుక్రవారం జుమ్మా రోజునే ఒక మాట చెప్పాలి: బడి తెరిచేనాటికి ఒక రాత్రి ముందైనా బెంగళూరు చేరండి. తెల్లవారుజామున బస్సు దిగిన పిల్లాణ్ణి అట్నుంచటే బడికి పంపితే వారమంతా ఏడుపే.

ఇక నిద్ర. సెలవుల్లో పిల్లలు పదకొండున్నరకు, పన్నెండుకు పడుకుంటారు. చాలా ఇళ్ళలో తెల్లవారుజాము ఫజర్‌కు లేపి, నమాజు కాగానే మళ్ళీ తొమ్మిదిదాకా పడుకోనిస్తారు. ఆరేళ్ళ నుంచి పన్నెండేళ్ళ పిల్లలకు రోజుకు తొమ్మిది నుంచి పన్నెండు గంటల నిద్ర కావాలి. ఏడుంబావు బస్సుకు ఆరింటికి లేవాల్సిన పిల్ల తొమ్మిదికల్లా నిద్రపోవాలన్నమాట. పదకొండున్నర నుంచి తొమ్మిదికి రావాలంటే నూట యాభై నిమిషాలు వెనక్కి జరగాలి. రెండు రోజులకొకసారి పావుగంట చొప్పున జరిపితే ఇరవై రోజులు పడుతుంది. బడి తెరిచే ముందురోజు రాత్రి ‘ఇక పడుకో’ అని గద్దిస్తే ఎందుకు పడుకోరో ఇప్పుడు అర్థమవుతుంది. మే మొదటివారం దాటాక మొదలుపెట్టాలి. లేచే వేళ ముందు మారితే పడుకునే వేళ దానంతటదే మారుతుంది. కాబట్టి ఫజర్ తర్వాత మళ్ళీ పడుకోవడం ముందు మాన్పించాలి. మొదటి నాలుగు రోజులు మధ్యాహ్నం ముప్పావుగంట కునుకు ఇస్తే చాలు.

ఇందులో మసీదుకేం పని అంటారా? బెంగళూరులో జూన్‌లో మగ్రిబ్ ఆరూముప్పావుకు, రాత్రి నమాజు ఇషా ఎనిమిది దాటాక. మగవాళ్ళు ఇషా చదువుకుని, నాలుగు మాటలు మాట్లాడి ఇంటికొచ్చేసరికి తొమ్మిది. అప్పుడు దస్తర్‌ఖాన్ పరిస్తే పిల్లలకు పదిన్నర. అబ్బా వచ్చాకే తినాలనే పట్టు మా ఇళ్ళలో మంచి ఆచారమే, కానీ బడి రోజుల్లో అది పిల్లల నిద్రను తినేస్తుంది. మగ్రిబ్ కాగానే పిల్లలకు పెట్టేయండి, మీతో కలిసి తినడం ఆదివారానికి ఉంచండి అని మింబర్ (ప్రసంగ వేదిక) మీద నుంచి ఒక్కసారి చెబితే, ఇంట్లో కోడలు పది సార్లు చెప్పినా రాని ఫలితం వస్తుంది.

ఫజర్ జమాత్ (అందరూ కలిసి చదివే నమాజు) వేళ మీద మాకొక విన్నపం ఉంది. ఇది జూన్‌కు కాదు, డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా. జూన్‌లో సూర్యోదయం ఐదూ యాభైకి అటూఇటూ. నమాజు ముగించుకునే తల్లి పొయ్యి వెలిగిస్తుంది, భర్త ఆరింటికల్లా ఇంట్లో ఉంటాడు. జనవరిలో సూర్యోదయం ఆరూ నలభై దాటుతుంది. జమాత్‌ను ఆరుంబావుకు పెట్టుకుంటే మగవాళ్ళు ఇల్లు చేరేది ఆరున్నర దాటాక. ఏడుంబావు బస్సు ఉన్న ఇంట్లో ఆరింటి నుంచి ఆరున్నరదాకా గడియే అన్నిటికన్నా బరువైనది: ఒకర్ని లేపాలి, ఒకరికి స్నానం, రెండు డబ్బాలు, చంకలో పసిబిడ్డ, వీటి మధ్య తనకూ నమాజు వేళ దాటిపోతుంటుంది. వెలుతురు వచ్చాక చదవడం హనఫీ మస్లక్‌లో (మనం పాటించే ధర్మశాస్త్ర పద్ధతిలో) ఉత్తమమని మాకూ తెలుసు. అయినా జమాత్‌ను ఐదూ యాభైకి జరిపే వెసులుబాటు ఉందా అని మీ ఆలిములను (మతపండితులను) అడగండి. ఆ పాతిక నిమిషాలతో ఒక ఇంటికి ఇంకో జత చేతులు దొరుకుతాయి.

ఆ చేతులు పనికి రావాలి కూడా. జమాత్ కాగానే మలుపులో టీ కొట్టు దగ్గర ఆగితే మీరు వేళ మార్చినా లాభం లేదు. ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఇంట్లో ఏం చేసేవారని అడిగినప్పుడు, ఇంటివాళ్ళ పనిలో ఉండేవారని, నమాజు వేళకు లేచి వెళ్ళేవారని హజ్రత్ ఆయిషా (రజి.) చెప్పిన మాట బుఖారీలో ఉంది. మీకు తెలియనిది కాదు. ఏడాదికొకసారి, బడి తెరిచే ముందు జుమ్మాలో, దాన్నే బయానుకు (ప్రసంగానికి) ఎత్తుకోండి. ‘సాయం చేయండి’ అని ఊరికే వదిలేయకండి. సాయమంటే ఏమిటో అడగడానికి ఆయన, చెప్పడానికి ఆమె నిలబడితే పనికన్నా ఆ మాటకే ఎక్కువసేపు పడుతుంది. ఒక పని మొదటినుంచి చివరిదాకా ఆయనదే కావాలి: నీళ్ళ సీసాలు కడిగి నింపడం, బూట్లు తొడిగి బస్సుదాకా నడిపించడం. ఆ రెండూ తీసేస్తే తల్లికి డబ్బాలు, జడలు మిగులుతాయి. అవి ఆమెకు చాలు.

మక్తబ్ దగ్గరికి వద్దాం. ఈ లేఖలో అసలు విషయం ఇదే.

బడి మూడున్నరకు వదిలినా బెంగళూరు ట్రాఫిక్‌లో బస్సు వీధి చివరకు వచ్చేసరికి నాలుగున్నర. పన్నెండింటికి తిన్న అన్నం ఎప్పుడో అరిగిపోయి ఉంటుంది. ఐదుకు మక్తబ్ అంటే పిల్ల యూనిఫాంలోనే పరుగెత్తాలి, తల్లి వెనకాలే డబ్బా పట్టుకుని పరుగెత్తాలి. ఖాళీ కడుపుతో కూర్చున్న ఆరేళ్ళ పిల్లకు ఖాయిదాలో నుఖ్తాలు (అక్షరాల చుక్కలు) కనబడవు. ఉస్తాద్ దాన్ని మొండితనం అనుకుంటారు. హనఫీ లెక్కన అసర్ (మగ్రిబ్‌కు ముందటి నమాజు) వేళ ఇక్కడ ఏడాదిలో సుమారు నాలుగుంబావుకూ ఐదుకూ మధ్య ప్రవేశిస్తుంది. ఐదుంబావు జమాత్ పెట్టుకుని, మక్తబ్‌ను ఐదున్నరకు మొదలుపెట్టి ఆరున్నరకు వదిలితే అందరికీ సరిపోతుంది. చలికాలంలో మగ్రిబ్ ఇంకా ముందే, నవంబరులో అయితే ఆరింటిలోపే వస్తుంది కాబట్టి ఆ నెలల్లో జమాత్‌ను కాస్త ముందుకు జరిపి, ముప్పావుగంటే పాఠం పెట్టండి. అంతకన్నా ఏడేళ్ళలోపు పిల్లలకు ఎప్పుడైనా అవసరం లేదు. వాళ్ళకు వారానికి నాలుగు రోజులు, రోజుకు నలభై నిమిషాలు చాలు. ఆరు రోజులు గంటన్నర కూర్చోబెట్టినా అంతకన్నా ముందుకు పోరు, విసుగు మాత్రం ముందుకు పోతుంది.

బ్యాచ్‌లు వయసును బట్టి కాకుండా ఇంటిని బట్టి వేయండి. అన్న నాలుగున్నర బ్యాచ్, చెల్లి ఆరింటి బ్యాచ్ అయితే తల్లి ఒక సాయంత్రం నాలుగుసార్లు పోయిరావాలి, అదీ జూన్ వానల్లో. ఒకే గదిలో రెండు మూలల్లో ఇద్దరు వేర్వేరు పాఠాలు చదువుకుంటే ఏం నష్టం? ఎదురుచూసే తల్లులకు ఒక రేకుల పందిరి, ఒక బల్ల, ఆడవాళ్ళకు విడిగా ఒక మరుగుదొడ్డి కావాలి. వజూఖానాకు (నమాజుకు ముందు కాళ్ళుచేతులు కడుక్కునే చోటుకు) టైల్స్ మార్చే డబ్బులో సగంతో ఇవి అవుతాయి. మాటవరసకు అనడం లేదు, మేస్త్రీని పిలిచి అడగండి.

ఖాయిదా, సిపారా (ఖురాన్ భాగం) మక్తబ్‌లోనే అరలో ఉండనివ్వండి. కర్ణాటక ప్రభుత్వం 2019లో ఒకటి, రెండు తరగతుల పిల్లల బడిసంచి రెండు కిలోలు దాటకూడదని చెప్పింది. బడిసంచిలోనే సిపారా కూడా పెడితే బరువు సరే, టిఫిన్ డబ్బా కారి సిపారా తడుస్తుందేమోనన్న భయంతో తల్లి విడిగా ఇంకో సంచి కుడుతుంది, అది రోజూ ఎక్కడో మరిచిపోతుంది పిల్ల. జిల్దు (అట్ట) మీద పేరు రాసి అరలో పెట్టిస్తే బస్సు దిగి నేరుగా రావాల్సిన పిల్లలు నేరుగా రావచ్చు. అట్లాంటి పిల్లల కోసం రెండు ఖర్జూరాలు, ఒక అరటిపండు కమిటీ ఖర్చులో పెట్టండి. బిస్కెట్లు వద్దు. వాటితో ఆకలి చావదు, రాత్రి అన్నం మీద మనసు పోతుంది.

ఉస్తాదులకు ఒక మాట. జూన్ మొదటి మూడు వారాలు కొత్త సబఖ్ (పాఠం) ఇవ్వకండి, ఆమూఖ్తా (చదివేసిన పాత పాఠాలు) చెప్పించుకుంటే చాలు. ఒకటో తరగతి పిల్ల అదే నెలలో ఇంగ్లీషు, కన్నడ అక్షరాలు ఎడమ నుంచి, అరబ్బీ కుడి నుంచి చదవాలి. ఇంట్లో ఉర్దూయో తెలుగో నాలుగోది ఉంటుంది. రెండు వారాలు తడబడుతుంది, తర్వాత దారిలో పడుతుంది. ఆ రెండు వారాల్లో బెత్తం ఎత్తితే తల్లి మీద పడుతుంది ఆ బరువు: రాత్రి పక్క తడిపేది, పొద్దున కడుపునొప్పి అనేది, బడికి పోననేది ఆమె దగ్గరే కదా. బడుల్లో కొట్టడాన్ని 2009 విద్యాహక్కు చట్టం నిషేధించింది. మక్తబ్‌కు ఆ చట్టం పట్టదనే వాదన మా దగ్గర చేయకండి.

ఇక పొద్దుటి వేళ. తొమ్మిది నుంచి మధ్యాహ్నం జుహర్ అజాన్ దాకా మక్తబ్ గదికి తాళం పడి ఉంటుంది. సరిగ్గా అదే వేళ తల్లులకు ఇల్లు ఖాళీ. చివరి బిడ్డ కూడా ఎల్‌కేజీలో చేరిన ఇంట్లో ఆ ఖాళీ గుండెలో గుచ్చుకుంటుంది. ఆడవాళ్ళ దర్స్‌లూ (మతపాఠాలు) ఇజ్తెమాలూ (సమావేశాలు) మాత్రం మధ్యాహ్నం రెండున్నరకు పెడతారు, పిల్లలొచ్చే వేళకు సగంలో లేచిపోవాలి. దాన్ని పది నుంచి పదకొండున్నరకు మార్చండి. పదికి ముందు అంట్లు, బట్టలు తెమలవు. పదకొండున్నర తర్వాత ఎల్‌కేజీ వాళ్ళను తెచ్చుకోవాలి, పొయ్యి ముట్టించాలి.

గది ఎంచుకునేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. నెలసరి రోజుల్లో ఆడవాళ్ళు నమాజు హాల్లోకి రారు. దర్స్ హాల్లో పెడితే ప్రతి ఆడదీ నెలలో వారం మానేయాలి, ఎందుకు మానేసిందో అందరికీ తెలిసిపోతుంది. అందుకని హాలు వద్దు, మక్తబ్ గదే కావాలి. ప్రవేశం విడిగా ఉండాలి, తాళంచెవి ఒక ఆపా దగ్గర ఉండాలి. చాపలు, ఒక ఫ్యాను, పసిబిడ్డకు ఊయల కట్టుకోవడానికి దూలానికి ఒక కొక్కెం.

ఆ గంటన్నరలో వారానికి మూడు రోజులు దీనీ పాఠం, రెండు రోజులు కన్నడ పెట్టండి. 2015 చట్టం ప్రకారం ఈ రాష్ట్రంలో ఏ బడిలోనైనా కన్నడ మొదటి భాషగానో రెండో భాషగానో నేర్పాల్సిందే. బిడ్డ డైరీలో టీచరమ్మ కన్నడలో రాసిన రెండు వరుసలు చదవలేక తల్లి పక్కింటి గడప ఎక్కుతుంది. తెలుగు చదవడం వచ్చిన ఆమెకు ఇది పెద్ద పని కాదు. మొదటి రోజే మూడు సంగతులు చెప్పాలి. తలకట్టు రూపం వేరు. కి, కె, కొ పక్కన ఒకే పొడుగు గుర్తు చేరిస్తే కీ, కే, కో అవుతాయి, తెలుగులోలా దేనికది వేరే గుర్తు ఉండదు. ‘సూర్య’ లాంటి మాటల్లో మన పాత అచ్చు పుస్తకాల్లోని వలపలగిలక వాళ్ళ దగ్గర ఇంకా బతికే ఉంది. మాటలకైతే, మాట మొదట్లోని మన ‘ప’ చాలాసార్లు వాళ్ళకు ‘హ’ అవుతుందని చెబితే సగం నిఘంటువు వచ్చినట్టే: పాలు హాలు, పులి హులి, పూవు హూవు, పది హత్తు, పేరు హెసరు. ఉర్దూ మాత్రమే చదవగలిగే తల్లులను వేరే చాప మీద కూర్చోబెట్టాలి. వాళ్ళకు అక్షరం మొదటినుంచీ కొత్త, రెండు గుంపుల్నీ కలిపితే వాళ్ళు సిగ్గుపడి రెండో వారం నుంచి రారు.

ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి మూడో తరగతి దాకా నలి-కలి పద్ధతి ఉంటుంది. కార్డులతో, మెట్లు మెట్లుగా నేర్పుతారు. హోంవర్క్ లేదని తల్లి కంగారు పడి ట్యూషన్ పెట్టేస్తుంది. ఆ డబ్బు మిగుల్చుకోవచ్చని ఈ తరగతిలోనే చెప్పొచ్చు.

నోటీసులు ఉర్దూలోనే అంటిస్తారు, వాట్సాప్‌లోనూ ఉర్దూయే. మాలో నూర్‌బాషా ఇళ్ళ ఆడవాళ్ళు ఇంట్లో మాట్లాడేది తెలుగే, ఉర్దూ చదవలేరు. దక్ఖనీ ఉర్దూ మాట్లాడే మిగతావాళ్ళలోనూ లిపి రానివాళ్ళు చాలామంది. మక్తబ్ సెలవో, వేళ మార్పో ఉంటే ఒక నిమిషం వాయిస్ మెసేజ్ పెట్టండి, ఒకటి దక్ఖనీలో, ఒకటి తెలుగులో. తెలుగుది మేం చదివి ఇస్తాం.

తల్లులు కమిటీతో చెప్పుకోలేనిది ఒకటి చెబుతాం. పిల్లలు పొద్దున ఏడింటికి మూత్రానికి పోయాక మళ్ళీ సాయంత్రం నాలుగున్నరకే పోతారు. చిన్నప్పటినుంచి నీళ్ళతో శుభ్రం చేసుకోవడం నేర్పాం. బడి టాయ్‌లెట్‌లో మగ్గు ఉండదు, కుళాయి రాదు, లేకపోతే కాగితమే ఉంటుంది. పిల్ల బిగబట్టుకుంటుంది, బిగబట్టడానికని నీళ్ళు తాగడం మానేస్తుంది. మంట, జ్వరం, మలబద్ధకం అన్నీ అక్కడినుంచే. పావులీటరు పట్టే మెత్తటి ప్లాస్టిక్ సీసా ఒకటి, మూతకు చిన్న చిల్లు పెట్టి, సంచి పక్క జేబులో పెట్టాలి. తాగే సీసాకు పూర్తిగా వేరే రంగుది. ఇంట్లో నాలుగు రోజులు దాంతో అలవాటు చేశాకే బడికి పంపాలి. ‘ప్రతి టాయ్‌లెట్‌లో బకెట్, మగ్గు పెట్టించండి’ అని చుట్టుపక్కల బడుల హెడ్మాస్టర్లకు కమిటీ లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం పోతే, అది మన పిల్లలకే కాదు, అందరి పిల్లలకూ మేలు. తల్లి ఒక్కతే పోయి అడిగితే ‘చూస్తామమ్మా’ అంటారు.

పుట్టినరోజు చాక్లెట్ల సంగతి చిన్నది. పొట్లం మీద ఆకుపచ్చ చుక్క ఉంటే తిను, గోధుమరంగు గుర్తు ఉన్నా అసలు గుర్తే లేకపోయినా ఇంటికి తీసుకురా. జెల్లీ మిఠాయిల్లో వాడే జెలటిన్ జంతువులదైతే ఆకుపచ్చ చుక్క వేయకూడదు. ఆరేళ్ళ పిల్లకు ఇంతకుమించిన ఫత్వా అక్కర్లేదు.

ఎల్‌కేజీ పిల్లలు గేటు దగ్గర ఏడుస్తారు. తల్లి కనబడకుండా జారుకోవడం తప్పు, పిల్ల రేపటినుంచి కొంగు అసలు వదలదు. సలాం చెప్పి, ‘అన్నం తిన్నాక, ఆటయ్యాక అమ్మీ వస్తుంది’ అని పిల్లకు అర్థమయ్యే గుర్తుతో చెప్పి, వెనక్కి తిరిగి చూడకుండా రావాలి. చాలామంది రెండు మూడు వారాల్లో కుదురుకుంటారు. నెల దాటినా రోజూ పొద్దున వాంతి చేసుకుంటుంటే, ఆదివారం మాత్రం బాగుంటే, బడిలో ఏం జరుగుతోందో కూర్చుని మాట్లాడాలి.

తల్లి ఏడిస్తే ఎవరూ పట్టించుకోరు. ‘పిల్లలు బడికి పోయారు, నీకేం పని’ అంటూ ఇంట్లోవాళ్ళు ఆ ఖాళీలోకి ఇంకో పని తోస్తారు. రెండు వారాలు దాటినా నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం, ఊరికే కన్నీళ్ళు రావడం, బతకాలని లేదనడం ఉంటే దాన్ని నజర్ (దిష్టి) అని వదిలేయకండి. ఇమాం సాబ్ దగ్గరికి దువా ఊదించుకోవడానికి వచ్చిన ఆడవాళ్ళకు ఊదండి, ఊదాక 14416 నంబరు కూడా రాసివ్వండి. అది మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ లైను. రాత్రీపగలూ పలుకుతుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. నిమ్హాన్స్ మానసిక ఆసుపత్రి మన హోసూరు రోడ్డులోనే ఉంది.

ఫోను విషయం. అడ్మిషన్ రోజు తండ్రి నంబరే రాస్తారు. తర్వాత బడి నుంచి వచ్చే ప్రతి ఓటీపీ, ‘బస్సు ఆలస్యం’ అనే ప్రతి మెసేజ్ ఆయనకే పోతుంది, ఆయన పనిలో ఉంటాడు, లేదా కువైట్‌లో ఉంటాడు. మే నెలలోనే బడి ఆఫీసులో తల్లి నంబరును మొదటి నంబరుగా మార్పించాలి. పిల్ల ఆధార్‌కు కూడా ఆమె నంబరే కట్టాలి. ఐదేళ్ళు, పదిహేనేళ్ళు నిండిన పిల్లలకు వేలిముద్రలు కొత్తగా వేయించాలి, అవి లేకే పనులు ఆగుతుంటాయి. జనన ధృవపత్రంలో ‘షేక్’ ముందు, ఆధార్‌లో వెనక ఉండటం మనిళ్ళలో మామూలు. బడిలో ఏది ఎక్కిస్తే పదో తరగతి దాకా అదే. కాబట్టి చేర్చకముందే రెండూ ఒకటి చేయాలి. కమిటీలో చదువుకున్న కుర్రవాళ్ళుంటే వాళ్ళను రెండు ఆదివారాలు ఈ కాగితాలు సరిచూసే పనికి కూర్చోబెట్టండి.

ఆధార్ అనగానే ఇంకోటి. 2023 జూన్ 11 నుంచి శక్తి పథకం కింద కర్ణాటకలో ఆడవాళ్ళకు మామూలు బస్సుల్లో టికెట్‌కు డబ్బు లేదు, అయితే గుర్తింపు కార్డులో ఇక్కడి అడ్రసు ఉండాలి. కదిరి అడ్రసుతో ఉన్న తల్లి రోజూ బడికి పోయిరావడానికి డబ్బు కడుతూనే ఉంది. అడ్రసు మార్పించుకుంటే ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి వచ్చిన స్త్రీ శక్తి ఉచిత ప్రయాణం పోతుంది. పుట్టింటికి ఏడాదికి ఎన్నిసార్లు పోతామో, బడికి ఎన్నిసార్లు పోతామో లెక్క వేసుకుంటే ఏది ఉంచుకోవాలో తేలిపోతుంది.

జుమ్మా గురించి తల్లులు అనవసరంగా బడివాళ్ళతో తగువు పడుతున్నారు. బాలిగ్ కాని (యుక్తవయసు రాని) పిల్లాడి మీద జుమ్మా ఫర్జ్ (తప్పనిసరి) కాదని వాళ్ళకు స్పష్టంగా చెప్పండి. తొమ్మిది, పది తరగతుల అబ్బాయిలకు మాత్రం ఏ వేళకు వెళ్ళి ఏ వేళకు తిరిగొస్తారో రాసి కమిటీయే బడికి ఉత్తరం ఇవ్వాలి. హిజాబ్ విషయంలో 2022 మార్చి 15న హైకోర్టు ఒకటి చెప్పింది, అక్టోబరు 13న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు చెరో మాట చెప్పారు. మా సలహా ఒక్కటే: ఏ బడిలో ఏ నియమమో అడ్మిషన్‌కు ముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి. జూన్‌లో గేటు దగ్గర తెలిస్తే ఆ అమ్మాయికి ఏడాది పోతుంది.

చివరగా ఇద్దత్‌లో ఉన్న తల్లులు. భర్త పోయిన ఆడది నాలుగు నెలల పది రోజులు ఇల్లు కదలదు. ఆ మధ్యలో బడి తెరిస్తే బిడ్డను ఎవరు దింపాలి, ఫీజు ఎవరు కట్టాలి, సంతకం ఎవరు పెట్టాలి? తప్పనిసరి పనికి పగటిపూట బయటికి పోవచ్చా అని ఆమె తానుగా వచ్చి అడగదు, అడిగేందుకు బయటికి రావాలి కదా. జనాజా చదివించిన మసీదుకు ఆ ఇంట్లో బడిఈడు పిల్లలున్నారని తెలుసు. ఒక ఆలిమాను (పండితురాలిని) పంపి మస్లా (ధర్మనియమం) వివరంగా చెప్పించండి. అదే వీధిలో బడికి పోయే ఇంకో తల్లికి ఆ పిల్లలను అప్పగించండి. బడికి ‘ఈమె పేరున ఫలానావాళ్ళు వస్తారు’ అని ఆమె సంతకంతో ఉత్తరం, వచ్చే మనిషి ఫోటో ముందే అందించండి, లేకపోతే గేటు దగ్గర పిల్లను వదలరు. నాలుగు నెలల పది రోజులు గడిచేదాకా ఆ ఏర్పాటును కమిటీలో ఒకరి పేరున రాసి పెట్టండి. ‘అందరం చూసుకుంటాం’ అన్నది రెండో వారానికే ఎవరికీ పట్టకుండా పోతుంది.

మక్తబ్ వేళలు, పొద్దుటి గది, బడులకు రాయాల్సిన ఉత్తరాలు, ఈ మూడింటినీ మే మొదటి జుమ్మాలోపు కమిటీ మీటింగులో పెట్టండి. ఆ మీటింగుకు ఆడవాళ్ళను పరదా చాటునైనా కూర్చోబెట్టి మాట్లాడనివ్వండి. వేళల పట్టిక మేం రాసి తెస్తాం.

వస్సలాం,
బెంగళూరులోని తెలుగు ముస్లిం తల్లులు, టీచర్లు, మక్తబ్ ఆపాలు